ఆరో రోజు రెండు దెబ్బలు

పోయిన వారం మనం, గని పంపు దగ్గర పని చేసిన పంపాయనను కళ్ళజోళ్ళ దుకాణం గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. చంకలో పాత నోట్‌బుక్కు, ముక్కు మీద ఒక కాడ విరిగిన కళ్ళజోడు. డెబ్భై ఆరేళ్ళ మనిషిని వారం రోజులు గుమ్మంలో నిలబెట్టడం మర్యాద కాదు. ముందు ఆయన్ని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెడదాం.

ఆయన కూర్చునేలోగా, ఈ వారమే మనతో కలిసినవారికి నాలుగు ముక్కలు. ఇరవై రెండేళ్ళ కింద గనిలో పైకప్పు కూలి ముగ్గురు మనుషులు లోపల చిక్కుకుపోయారు. ఒకడు గని మేస్త్రీ. రెండోవాడు ఆయన కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, పనిలో చేరి అప్పటికి నాలుగు నెలలు. మూడోవాడు మేస్త్రీకి ప్రాణస్నేహితుడు, అందరూ పొడుగాయన అని పిలిచే మనిషి, కొడుక్కి బాబాయ్. పదకొండో రోజున ఇద్దరు ప్రాణాలతో బయటికొచ్చారు, పొడుగాయన శవమై వచ్చాడు. ఒళ్ళు కాస్త కోలుకున్నాక మేస్త్రీ మంచం మీద కూర్చుని ఒక పుస్తకం రాశాడు. 'భూమి కింద పదకొండు రోజులు' అని దాని పేరు. అంతవరకూ జీతం రసీదు మీద సంతకం తప్ప మరేమీ రాయని మనిషి కాగితం మీద పెట్టిన ప్రతి మాటా చదివినవాళ్ళను ఏడిపించింది.

అందులో ఒక వాక్యం అందరి నోళ్ళలోనూ నానింది. "నా కొడుకు బతుకుతాడన్న నమ్మకాన్ని నేను ఒక్క క్షణం కూడా వదల్లేదు." బడిపిల్లలు దాన్ని బట్టీ పడతారు. కిందటేడు కళ్ళజోడు కోసం వచ్చిన ఒక చిన్నపిల్ల, అక్షరాల పలక చదవమంటే పలక వదిలేసి ఈ వాక్యం అప్పజెప్పింది. తన ముందు నిలబడి ముక్కు కొలత తీసుకుంటున్నది ఆ కొడుకే అని ఆ పిల్లకు తెలియదు పాపం. ఆ కొడుకు మళ్ళీ గనిలోకి దిగలేదు. మూడు వైపులా అద్దాలున్న దుకాణం వెతికి పట్టుకుని, కళ్ళజోళ్ళు అమ్ముతూ, వెలుతురులో బతుకుతున్నాడు. ఇప్పుడు అతనికి నలభై ఒకటి.

పుస్తకం పదోసారి అచ్చుకు వెళ్తోంది. ఈసారి ముందు రెండు పేజీలు 'కొడుకు మాట' ఉండాలని అచ్చువేసే ఆయన పట్టుబట్టాడు. గడువు రేపు సాయంత్రం. మేస్త్రీ ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. పిలవాల్సిన వాళ్ళెవరైనా ఉంటే పిలుచుకోండని డాక్టరు మొన్ననే చెప్పేశాడు. కొడుకు మాటను తండ్రి తన కళ్ళతో చదవాలంటే రేపటి గడువు దాటకూడదు. అయినా కళ్ళజోళ్ళతను మూడు రోజుల్లో ఒక్క వాక్యం రాసి, దాన్నీ కొట్టేశాడు. ఇదీ సంగతి.

పంపాయన కూర్చున్నాడు. విరిగిన జోడు తీసి బల్ల మీద పెట్టాడు. కాడ ఊడిన చోట దారం చుట్టి, దాని మీద జిగురు పూసి, దాని మీద మళ్ళీ దారం చుట్టి ఉంది.

"నా చెవులు పోయాయి బాబూ. కాస్త గట్టిగా మాట్లాడాలి" అన్నాడు, వీధి చివరిదాకా వినిపించేలా.

అద్దం ముందు ఫ్రేములు మార్చి మార్చి పెట్టుకుంటున్న ఒక టీచరమ్మ ఇటు తిరిగి చూసింది. ఒకప్పుడు ఈ మనిషి చెవుల గురించి గనిలో కథలు చెప్పుకునేవారు. గోడ అవతల పిల్లి నడిచినా ఏ కాలు ముందు వేసిందో చెప్పగలడని పేరు. గనిలోని నీళ్ళు పైకి తోడే పంపు దగ్గర ముప్ఫై ఏళ్ళు పని చేశాడు. ఆ పంపే చివరికి ఆ చెవుల్ని తినేసింది.

"ఇన్నేళ్ళూ మీ నాన్న పుస్తకం నేను చదవలేదు" అన్నాడు పంపాయన. "నాకు తెలియని సంగతులు అందులో ఏముంటాయిలే అనుకున్నా. మొన్న మా మనవరాలు చదివి వినిపిస్తానంది. వినపడి చస్తేగా. నేనే కూర్చుని చదివా. చదివిన దగ్గర్నుంచీ నిద్ర లేదు."

కళ్ళజోళ్ళతను ఒక చీటీ తీసుకుని 'కొంచెం మెల్లగా' అని రాసి చూపించాడు. పంపాయన జోడు పెట్టుకుని, దారం చుట్టిన కాడను చేత్తో పట్టుకుని, చీటీ చదివాడు.

"మెల్లగానే చెప్తున్నాగా" అన్నాడు, ఇంకాస్త గట్టిగా.

టీచరమ్మ మంచి మనిషి. చేతిలో ఫ్రేము బల్ల మీద పెట్టి, రేపొస్తానని వెళ్ళిపోయింది. కళ్ళజోళ్ళతను ఆమె వెనకాలే వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

ఇక్కడ గని పద్ధతి ఒకటి చెప్పాలి. పనిలో చేరిన మొదటి రోజున, టోపీ దీపం చేతికివ్వడానికి ముందే, ప్రతివాడికీ ఒక మాట చెప్తారు. లోపల చిక్కుకుపోతే నీళ్ళ గొట్టం వెతుకు. గంటకోసారి దాని మీద ఇనుముతో కొట్టు. ఊపిరున్న మనిషికి ఒక దెబ్బ. ఎంతమంది ఉంటే అన్ని. ఒకటి ఎక్కువ కొట్టకూడదు, ఒకటి తక్కువ కొట్టకూడదు. పైన తవ్వేవాళ్ళు ఆ దెబ్బల్ని నమ్ముకునే తవ్వుతారు. గుంపులో పెద్దవాడే కొట్టాలి. గనిలో పని చేసేవాళ్ళు ఇంట్లో అబద్ధాలాడతారేమో, మందు తాగి వచ్చి తాగలేదంటారేమో, గొట్టం మీద మాత్రం ఆడరు.

ఆ పదకొండు రోజులూ గొట్టం పై కొనకు చెవి ఆనించి కూర్చున్నది పంపాయనే. ఆఫీసువాళ్ళ పుస్తకంలో వాళ్ళు రాసుకున్నారు, ఈయన తన నోట్‌బుక్కులో తను రాసుకున్నాడు. ఆఫీసు పుస్తకం గని మూతపడ్డప్పుడు ఏ చెత్తలో పోయిందో ఎవరికీ తెలియదు.

పంపాయన నోట్‌బుక్కు తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఎడమ వైపు గంట, కుడి వైపు అంకె. మూడు, మూడు, మూడు. ఐదు రోజుల పాటు పేజీ నిండా మూడు. ఆరో రోజు ఉదయం ఏడు గంటలకి రెండు.

"చెవి జారిందేమో అనుకున్నా. ఎనిమిదికి మళ్ళీ రెండే. తొమ్మిదికీ రెండే. ఇదిగో చూడు, మర్నాడు మధ్యాహ్నం దాకా రెండే." ఆయన వేలు కిందికి జారింది. "ఇక్కడ చూడు. ఏడో రోజు మధ్యాహ్నం రెండింటికి. మూడు. పోయినవాడు లేచి రాడు కదా బాబూ. ఎనిమిదో రోజు నుంచి మళ్ళీ రెండు. అది సరే, పొడుగాయన ఎనిమిదో రోజు పోయాడని మీ నాన్నే రాశాడు. మరి ఈ ఆరో రోజేంటి?"

కళ్ళజోళ్ళతనికి ఆరో రోజు గురించి పుస్తకంలో ఏముందో చూడకుండానే తెలుసు. రెండే వాక్యాలు. నా కొడుక్కి ఒళ్ళు తెలియని జ్వరం వచ్చింది, ముగ్గురం ఒకరినొకరం కరుచుకుని పడుకున్నాం. అంతే.

"లోపల ఇద్దరే ఉన్నారని పైకి చెప్పింది నేనే" అన్నాడు పంపాయన. ఈసారి గొంతు నిజంగానే తగ్గింది. "గేటు దగ్గర మీ అమ్మ, పొడుగాయన భార్య మీ పిన్ని పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. మీ పిన్నికి లోపల ఒక్కడు. మీ అమ్మకి ఇద్దరు. పోయింది ఎవరని ఇద్దరూ నన్నే అడిగారు. దెబ్బకి పేరుంటుందా చెప్పడానికి? ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ రోజంతా అలాగే కూర్చున్నారు. మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదా?"

అమ్మ చెప్పలేదు. మూడేళ్ళ కింద పోయేదాకా ఆ పదకొండు రోజుల గురించి ఆమె ఒక్క మాటా చెప్పలేదు.  కళ్ళజోళ్ళతను పంపాయన జోడుకి కొత్త కాడ బిగించాలని స్క్రూ తీసుకున్నాడు. ఆవగింజలో సగం ఉండే స్క్రూ. రోజుకి యాభైసార్లు బిగించే చెయ్యి ఆ రోజు నాలుగుసార్లు జారింది. చివరికి పంపాయనే ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రేపు వచ్చి తీసుకుంటాలే. నోట్‌బుక్కు నీ దగ్గరే ఉంచు. నాకు వద్దు అది" అని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మీ నాన్నని తప్పు పట్టడానికి రాలేదు బాబూ నేను. నా చెవులు ఆ రోజు సరిగ్గా పని చేశాయో లేదో తెలుసుకుందామని వచ్చా. ఆ ఇద్దరు ఆడవాళ్ళకీ లేనిపోనిది చెప్పానేమోనని."

దుకాణం మూసి ఇంటికి నడిచేదారి పావుగంట. మిట్టమధ్యాహ్నం. ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే తల ఊపాడు గానీ ఎవరికి ఊపాడో అతనికే తెలియదు. లెక్క చాలా తేలిగ్గా తేలిపోతోంది, అదే అతని బాధ. ఉన్నది ముగ్గురు. బాబాయ్ ఎనిమిదో రోజుదాకా ఉన్నాడు. ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నది తను. కొట్టింది నాన్న. పెద్దవాడు కాబట్టి నాన్నే కొట్టాలి. అంటే తన తండ్రి ముప్ఫై గంటల పాటు, గంటకోసారి, ఇనుప ముక్క చేత్తో పట్టుకుని, కొడుకు పోయాడని లోకానికి చెప్పాడు. ఊపిరి ఉందో లేదో చూశాడా? చూస్తే తెలిసేది కదా. ఆ తర్వాత పైకొచ్చి, ఒక్క క్షణం కూడా వదల్లేదని రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే కదా తను ఇన్నేళ్ళు బతికింది. దుకాణం సరిగ్గా నడవనప్పుడు, పెళ్ళయిన కొత్తలో దీపం ఆర్పితే కేకలు పెట్టి లేచినప్పుడు, తనను ఒక మనిషి వదల్లేదు అని గుర్తు చేసుకునే కదా మళ్ళీ లేచి నిలబడింది. నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని ఇంటి మెట్లెక్కాడు.

ఆ ఇంట్లో ఏ తలుపుకీ గడియ లేదు. గని నుంచి వచ్చిన నెలలోనే తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి అన్నీ ఊడబెరికేశారు, స్నానాల గదితో సహా. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు స్నానం చేస్తున్నంతసేపూ పాట పాడుతూ ఉండాల్సి వచ్చేది. ఇప్పటికీ పాడుతుంది. గొంతు బాగుండదు, అయినా ఎవరూ ఏమీ అనరు.

"మామయ్యకి ఇప్పుడే కన్నంటుకుంది. కాసేపు లేపకండి" అంది భార్య, గుమ్మంలోనే. అతని మొహం చూసి మాట ఆపేసింది. "ఏమైందండీ?"

"ఏం లేదు. నాన్నతో మాట్లాడాలి."

ఆమె మందుల చీటీ తీసుకుని, చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయింది.

మేస్త్రీ కిటికీ పక్కన, ఎత్తుగా వేసిన దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ముక్కుకు ప్రాణవాయువు గొట్టం, పక్కన దాని మిషను గుర్రుమంటూ. ఒకప్పుడు తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు ఆగిపోయే మనిషి. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నాడో లేడో వెతుక్కోవాలి.

"అప్పుడే దుకాణం కట్టేశావేం?" అన్నాడు, కళ్ళు మూసుకునే.

"నాన్నా, ఒకటడుగుతాను. కోప్పడకు."

"కోప్పడటానికి ఊపిరేదిరా."

దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఒక్కటీ గుర్తు లేదు. నోట్‌బుక్కు తండ్రి ఒళ్ళో పెట్టాడు.

"ఆరో రోజు గొట్టం మీద రెండు దెబ్బలే కొట్టావా?"

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. నోట్‌బుక్కు వైపు చూడలేదు.

"ఎవడు చెప్పాడు?"

"పంపాయన."

"వాడికింకా చెవులున్నాయా?"

"చెవులు పోయాయి. నోట్‌బుక్కు ఉంది."

తండ్రి మూతి ఒక పక్కకు వంకర పోయింది. అది నవ్వే. "రాసుకునే ఉంటాడనుకున్నా. తను తుమ్మినా టైము వేసి రాసుకునే రకం."

ఆ నవ్వు చూసి కొడుక్కి ఇక ఆగలేదు. "నన్నే కదా తీసేసింది? జ్వరంతో పడి ఉంటే పోయాననుకున్నావు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడలేదా నువ్వు? అమ్మ గేటు దగ్గర ముప్ఫై గంటలు అలా కూర్చుందట, ఎవరు పోయారో తెలియక. పైకొచ్చి ఒక్క క్షణం కూడా వదల్లేదని ఎలా రాశావు నాన్నా? పిల్లలు నా ముందే అప్పజెప్తుంటే నీకు ఎలా ఉండేది?"

మేస్త్రీ నాలుగైదు ఊపిరులు తీశాడు. ఆయనకు ఒక మాట చెప్పాలంటే అన్ని ఊపిరులు ముందుగా కూడబెట్టుకోవాలి.

"లెక్క బాగానే చేశావు" అన్నాడు. "ఒకణ్ని మర్చిపోయావు."

"ఎవర్ని?"

"కొట్టినవాణ్ని."

కొడుక్కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం అంచున కూర్చున్నాడు. పెద్దాయన ఆగి ఆగి, మధ్యమధ్య కళ్ళు మూసుకుని, మిగతాది చెప్పుకొచ్చాడు.

పైకప్పు కూలినప్పుడే గొట్టం ఎండిపోయింది. రాతి సందులోంచి ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క పడేది. కింద టిఫిన్ డబ్బా మూత పెట్టేవారు. పూటకి రెండు మూతల నీళ్ళు వచ్చేవి, కొన్ని పూటలు అవీ రావు. ఐదు రోజులు ముగ్గురూ పంచుకున్నారు. ఐదో రోజుకి చుక్క ఇంకా మెల్లబడింది. కొడుకు ఒళ్ళు కాలిపోతోంది. ఎండిన పెదాలు మేస్త్రీ వేళ్ళకు బెరడులా తగిలాయి. ఇద్దరైతే నీళ్ళు సరిపోతాయి, ముగ్గురైతే ముగ్గురూ పోతారు అని ఆయనకు తేలిపోయింది. తన వంతు తాగడం మానేశాడు. చీకట్లో ఎవరికి తెలుస్తుంది? మూత నోటి దగ్గర పెట్టుకుని గుటక వేసినట్టు చప్పుడు చేసి, కొడుకు నోట్లో పోశాడు.

"గంటయింది, మేస్త్రీ, కొట్టు అన్నాడు మీ బాబాయ్. వాడి చేతికి మెరిసే ముళ్ళ గడియారం ఉండేదిగా. ఇనుము ఎత్తాను. రెండు కొట్టాను. మూడోది కొట్టబుద్ధి కాలేదు."

"ఎందుకు నాన్నా? బతికే ఉన్నావుగా."

"ఉన్నాను. ఉండకూడదనుకున్నాక ఉన్నానని ఎలా కొట్టను? గొట్టం మీద అబద్ధం ఆడకూడదు కదరా." ఇదేదో లోకమంతా ఒప్పుకునే సంగతి అన్నట్టు చెప్పాడు. "మీ బాబాయ్ రెండేంటని అడిగాడు. మూడే కొట్టాను, నీకు చెవులు దిబ్బడేశాయన్నాను. నమ్మాడు."

కళ్ళజోళ్ళతనికి ముందుగా కలిగింది ఊరట. దాచడం దేనికి, నాన్న నన్ను వదల్లేదు అని చిన్నపిల్లాడిలా పొంగిపోయాడు. ఆ వెంటనే తన మీద తనకు అసహ్యం వేసింది. దాని వెనకే కోపం వచ్చింది, ఇందాకటి కోపం కన్నా పెద్దది.

"నన్ను లేపాల్సింది."

"లేపితే వద్దంటావు."

"అనేవాణ్ని. అనకూడదా? నాకు తెలివొచ్చి, చీకట్లో తడుముకుని నాన్నా అని పిలిస్తే పలికేవాళ్ళు ఉండకపోతే నేనేమైపోవాలి?"

"మీ బాబాయ్ ఉంటాడుగా."

"బాబాయ్ నాన్నవుతాడా?"

 మేస్త్రీ కంటి కొసన నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళు తుడవడానికి చెయ్యి ఎత్తాడు గానీ చెయ్యి సగం దూరమే లేచింది. కొడుకు తన బొటనవేలితో తుడిచాడు. మాట ఇంకా కోపంగానే ఉంది, చెయ్యి మాత్రం దాని పని అది చేసింది. 

"మళ్ళీ మూడు ఎందుకైంది?" అని అడిగాడు చివరికి.

"మీ బాబాయే. ఏడో రోజు నా చెయ్యి లేవలేదు. ఇనుము జారిపోయింది. వాడు పాక్కుంటూ వచ్చి, నా నోట్లో వేలు పెట్టి చూశాడు. నాలుక చెక్కలా ఉంది. అప్పుడు తెలిసింది వాడికి. బూతులు తిట్టాడు. ఎన్ని తిట్లని? ముప్ఫై ఏళ్ళ స్నేహంలో అన్ని తిట్టలేదు. ఇనుము తీసుకుని మూడు కొట్టి, తన మూత నీళ్ళు నా నోట్లో పోశాడు." తండ్రి ఊపిరి కోసం ఆగాడు. "నేను తాగాను. పళ్ళు బిగించుకోవచ్చు. ఉమ్మేయచ్చు. మానేశానని అంత గొప్పగా అనుకున్నవాణ్ని, నీళ్ళు తగలగానే కుక్కలా తాగాను. ఆ పూటా తాగాను, తర్వాతి పూటా తాగాను. వాడు మాత్రం తాగలేదు. నా దగ్గర నేర్చుకున్నాడుగా, గుటక చప్పుడు."

పుస్తకంలో పొడుగాయన, మీద రాయి పడి, ఎక్కువ బాధ లేకుండా పోయాడు. ఆ పేజీలు చదివి పిన్ని గుండె దిటవు చేసుకుంది. రెండు వీధుల అవతలే ఉంటుంది ఆమె. ఇప్పటికీ ప్రతి ఆదివారం వచ్చి మేస్త్రీకి పేపరు చదివి వినిపిస్తుంది. వాక్యం వాక్యానికీ ఆగి, అలసిపోయారా అన్నయ్యా అని అడుగుతుంది.

"అందుకని రాయలేదా?" అన్నాడు కొడుకు. "పిన్ని చదువుతుందని?"

"నీ మొగుడి నీళ్ళు తాగి బతికానమ్మా అని ఏ మొహం పెట్టుకుని రాయను?"

కళ్ళజోళ్ళతను తండ్రి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎముకలు, వాటి మీద వదులైన చర్మం, చర్మం లోపల నల్లగా ఇంకిపోయిన గని దుమ్ము.  

"నువ్వు అడగలేదు. బాబాయే ఇచ్చాడు. తప్పు నీది కాదు నాన్నా. ఇదంతా రాస్తాను. నా మాటలో రాస్తాను. నువ్వు ఒక్క క్షణం కూడా నన్ను వదల్లేదన్నది నిజమేనని రాస్తాను. పిన్నికి ముందు నేనే వెళ్ళి చెప్తాను. నువ్వు కంగారు పడకు."

నిన్నటిదాకా ఒక్క వాక్యం రానివాడికి రెండు పేజీలూ కళ్ళ ముందు కనపడుతున్నాయి. ఇప్పుడే కూర్చుంటే సాయంత్రానికి అయిపోతుంది, నాన్నకు చదివి వినిపించవచ్చు కూడా. లేవబోయాడు. మేస్త్రీ వేళ్ళు అతని చేతిని వదల్లేదు. అంత బలం ఆ వేళ్ళలో ఇంకా ఉందని కొడుకు అనుకోలేదు.

"కూర్చో. అంతా అయిపోలేదు."

"రెస్టు తీసుకో నాన్నా. తర్వాత చెప్పు."

"తర్వాత అనేది నాకు లేదురా." పెద్దాయన చాలా ఊపిరులు కూడబెట్టుకున్నాడు. "పంపాయన దగ్గర ఎనిమిదో రోజు ఎంత రాసి ఉంది?"

"రెండు."

"పుస్తకంలో నేనేం రాశాను?"

"ఎనిమిదో రోజు బాబాయ్ పోయాడని."

"పోయింది తొమ్మిదో రోజు." మేస్త్రీ కొడుకు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఎనిమిదో రోజు పొద్దున నా చేతుల్లో పట్టు లేదు. నీకు జ్వరం తగ్గింది. ఇనుము నీ చేతికిచ్చి, మూడు కొట్టరా అన్నాను. నువ్వు రెండు కొట్టావు. వాడి తల నా ఒళ్ళోనే ఉంది. ఊపిరి నా అరచేతికి తగులుతోంది. మర్నాటిదాకా తగిలింది. గంటకోసారి నువ్వు రెండే కొట్టావు. నేనేమీ అనలేదు. పైకొచ్చాక నీ దెబ్బలకి సరిపోయేలా పుస్తకం రాశాను."

కిటికీలోంచి వీధి చప్పుడు వినిపిస్తోంది. ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"పసివాడు, భయపడ్డాడు అనుకున్నాను కొన్నాళ్ళు. నా మాట వినపడలేదేమో అనుకున్నాను కొన్నాళ్ళు. ఇంకోలా కూడా అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. ఇవాళ నువ్వు నన్ను అడిగావు కాబట్టి నేనూ అడుగుతున్నాను. రెండు ఎందుకు కొట్టావురా?"

నాకేమీ గుర్తు లేదు. పేపరువాళ్ళకీ, బడిపిల్లలకీ, కట్టుకున్న భార్యకీ, ఆ రోజుల గురించి ఎవరడిగినా కళ్ళజోళ్ళతను చెప్పే జవాబు అదే. ఆ జవాబు ఇప్పుడూ నాలుక చివరిదాకా వచ్చింది. తండ్రి కళ్ళలోకి చూస్తూ ఆ మాట అనడం మాత్రం అతని వల్ల కాలేదు.